పరుగు గీత దగ్గర వట్టి కాళ్లకూ చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో పరుగు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇచ్చిన సూచనలు చదివాను. మొదటి నెలలో ఎంత దూరం చాలు, నీళ్లు ఎప్పుడు తాగాలి, జ్వరం వచ్చినప్పుడు ఎందుకు మానాలి, ఇవన్నీ పనికొచ్చే మాటలే. మధ్యలో ఒక్క వాక్యం మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ‘షూ లేకుండా పరుగెత్తడం ప్రమాదకరం, ఎవరూ ఆ పని చేయకూడదు’ అని రాశారు. ఆ ‘ఎవరూ’లో నేనూ ఉన్నాను. నాకు 52 ఏళ్లు. కుట్టుపని చేసుకుని బతుకుతాను. 9 ఏళ్లుగా వట్టి కాళ్లతోనే పరుగెత్తుతున్నాను.

పేపర్లో చదివింది అంతటితో పోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. మూడు వారాల క్రితం అదే మాట నా ఎదురుగా నిలబడి చెప్పారు.

అది 10 కిలోమీటర్ల పరుగు. రెండు నెలల ముందే డబ్బు కట్టి పేరు రాయించుకున్నాను. నంబరు కాగితాన్ని నాలుగు పిన్నీసులతో చొక్కాకి పెట్టుకుని, ఇంకా వీధిలైట్లు ఆర్పని వేళకే పరుగు మొదలయ్యే గీత దగ్గరికి చేరాను. గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు నా నంబరు చూశాడు, తర్వాత కిందికి చూశాడు.

“ఆంటీ, మీ షూ ఏవి?”

“నేను వేసుకోను బాబూ. ఇలాగే పరుగెత్తుతాను.”

“అలా కుదరదు ఆంటీ. పక్కకి రండి.”

ఆ అబ్బాయి తప్పేమీ లేదు. చెప్పమన్న మాట చెప్పాడు. వాళ్ల పెద్దాయన్ని పిలిచాడు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. “చూడండమ్మా, మీకేమన్నా అయితే మాకు మాటొస్తుంది” అన్నారు. పేరు రాయించుకున్నప్పుడు షూ తప్పనిసరి అని ఎక్కడా లేదు కదండీ అన్నాను. “అది ఎవరైనా రాయాలా అమ్మా, అందరికీ తెలిసిందే కదా” అన్నారు. కాలెత్తి నా పాదం చూపించాను. ఆయన చూడలేదు. నా పక్కన వరసలో ఉన్న ఒకావిడ నా అవస్థ చూసి, “నా బ్యాగులో పాత జత ఉంది, మీకు సరిపోతాయేమో, వేసుకోండి అక్కా” అంది. మంచి మనసుతో అంది. కానీ ఎవరివో షూ, అదీ ఇన్నేళ్లు అలవాటు లేని కాళ్లకి తొడిగి 10 కిలోమీటర్లు పరుగెత్తితే ఆ రోజు నాకు నిజంగానే ఏమన్నా అయ్యేది. వద్దమ్మా, సంతోషం అని చెప్పి తాడు అవతలికి వచ్చేశాను.

గంట మోగింది. వందల జతల షూ ఒక్కసారిగా నేలని కొడుతూ నా ముందు నుంచి వెళ్లిపోయాయి. ఆ చప్పుడు తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను. అంత దుఃఖం ఎందుకు వచ్చిందో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. 11 వారాలు ఆ ఒక్క ఉదయం కోసమే పరుగెత్తాను.

అందుకే వట్టి కాళ్లతో పరుగెత్తే మేం అసలు ఏం చేస్తామో, ఎలా చేస్తామో మీ పాఠకులకి చెప్పాలనిపించింది.

మొదలుపెట్టింది పట్టుదలతో కాదు, అవసరం కొద్దీ. అప్పట్లో నేనూ షూ వేసుకునే పరుగెత్తేదాన్ని. ఒకరోజు ఇంటికి ఇంకా 2 కిలోమీటర్లు ఉందనగా కుడి షూ అడుగు ముందువైపు ఊడి నోరు తెరిచింది. అడుగడుక్కీ మడతపడి బోర్లా పడేలా ఉంది. రెండూ విప్పి చేత్తో పట్టుకున్నాను. నడుద్దామనుకుని, నేల బాగానే ఉందే అనిపించి మెల్లగా పరుగెత్తాను. ఆ 2 కిలోమీటర్లలో నా కాళ్లు నాకు కొత్తగా పరిచయమైనట్టు అనిపించింది. మర్నాడు పొద్దున మంచం దిగేసరికి పిక్కలు రెండూ రాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి. రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. అయినా మనసంతా ఆ 2 కిలోమీటర్ల మీదే.

తర్వాత నేను చేసింది తప్పు. దాన్ని దాచను, ఎందుకంటే మీ వ్యాసం రాసినవారు భయపడింది దాని గురించే అయ్యుంటుంది. వారం తిరక్కుండానే షూ మూలన పడేసి, అంతకుముందు ఎంత దూరం పరుగెత్తేదాన్నో అంతా వట్టి కాళ్లతో పరుగెత్తడం మొదలుపెట్టాను. అయిదో వారంలో ఎడమ పాదం పైభాగంలో నొప్పి పట్టుకుంది. వేలితో నొక్కితే ఒకే ఒక్క చోట, శనగగింజంత మేర, ప్రాణం లాగేసేది. డాక్టరు దగ్గరికి వెళితే రెండో వేలి వెనకుండే పొడవాటి ఎముకలో సన్నటి పగులు వచ్చిందన్నారు. 6 వారాలు పరుగు బంద్. కుట్టుమిషన్ కూడా ఒంటికాలితో తొక్కాను.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదానికే జరిగింది కాదని. 2013లో అమెరికాలో 36 మంది రన్నర్లతో ఒక పరిశోధన చేశారు. కొందర్ని మామూలు షూలోనే ఉంచి, మిగతావాళ్లని వేళ్లు విడివిడిగా ఉండే పలచటి షూకి 10 వారాల్లో మార్చి చూశారు. పలచటి షూకి మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు స్కానింగ్‌లో కనబడింది. కండ కొన్ని వారాల్లో గట్టిపడుతుంది, ఎముక మాత్రం తన టైము తాను తీసుకుంటుంది. ఇన్నేళ్లు మెత్తటి దిండు మీద పెట్టి పెంచిన పాదాన్ని రాత్రికి రాత్రి రోడ్డు మీదికి తోస్తే అది మొరపెట్టుకోక ఏం చేస్తుంది. పగులు మానాక రెండోసారి మొదలుపెట్టినప్పుడు మొదటి రోజు 200 మీటర్లే పరుగెత్తాను. మిగతాదంతా నడక. 10 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తేసరికి ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో నేర్చుకున్నది నా వృత్తి భాషలో చెబితేనే బాగా చెప్పగలను. కొత్త గుడ్డ చేతికొస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూస్తాను. పోగు ముతకా సన్నమా, కత్తెర పెడితే జారుతుందా, ఉతికితే కుంచించుకుపోతుందా, వేలికి తెలిసిపోతుంది. రోడ్డు కూడా అంతే. కొత్తగా వేసిన తారు ఒకలా ఉంటుంది. పాత తారు రోడ్డు మీద తారు అరిగిపోయి కంకర మొనలు పైకి తేలి ఉంటాయి, అది ముతక గోనె లాంటిది. అక్కడ అడుగు దానంతట అదే తేలికవుతుంది. సిమెంటు చూడ్డానికి నున్నగా ఉన్నా సన్నటి గరుకు ఉంటుంది, కాలు ఈడ్చామో వేళ్ల కింద బొబ్బలు లేస్తాయి. రోడ్డు పక్కనుండే తెల్లగీత ఎండ ముదిరాక నల్ల తారు కంటే చల్లగా ఉంటుంది, దాని మీదే కిలోమీటర్ల కొద్దీ వెళ్లిన రోజులున్నాయి. అదే గీత వానకి తడిస్తే నూనె రాసినట్టు జారుతుంది, అప్పుడు దాని జోలికి పోను. షూలో పరుగెత్తిన ఏళ్లలో ఇవేవీ నాకు తెలియవు. ఒకే రోడ్డు మీద రోజూ వెళ్లేదాన్ని, ఆ రోడ్డు గురించి ఏమీ తెలియదు.

అడుగు కూడా మారిపోయింది. వట్టి కాలితో మడమ బలంగా మోపుతూ సిమెంటు మీద పరుగెత్తి చూడండి, పది అడుగుల్లో ఒళ్లే మానుకుంటుంది. నా అడుగు చిన్నదైంది. మోకాలు కాస్త వంగి ఉంటోంది. పాదం ముందుకి విసిరినట్టు కాకుండా ఒంటి కిందే పడుతోంది, ముందు వేళ్ల వెనకుండే మెత్త, ఆ వెంటనే మడమ. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నానో ఒకసారి లెక్కపెట్టాను. షూ రోజుల్లో 156 ఉండేవి, ఇప్పుడు 178, 180.

దీని గురించి మా అమ్మాయి వెతికి చదివి వినిపించింది. హార్వర్డ్ యూనివర్సిటీలో డేనియల్ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 2010లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వేశారు. షూ లేకుండా మడమ మీద దిగితే, నేల తాకిన మొదటి 50 మిల్లీసెకన్లలోనే శరీర బరువుకి ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దాకా దెబ్బ ఒక్కసారిగా తగులుతుంది. వట్టి కాళ్లకి బాగా అలవాటుపడ్డవాళ్లలో చాలామంది పాదం ముందుభాగం మీద దిగడం వల్ల ఆ మొదటి దెబ్బ దాదాపు ఉండదు. ఇది విన్నప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. కానీ మా అమ్మాయే ఇంకోటి కూడా చదివింది. ఉత్తర కెన్యాలో పుట్టినప్పటి నుంచీ షూ ఎరగని దాసనచ్ అనే తెగవారు 38 మందిని పరుగెత్తించి చూస్తే, తమకి వీలైన వేగంలో వాళ్లలో ఎక్కువమంది, 72 శాతం, మడమ మీదే దిగారని 2013లో వచ్చింది. వట్టి కాళ్ల పరుగు అంటే ఇదొక్కటే పద్ధతి అని చెప్పడానికి లేదన్నమాట. కాబట్టి నా మాటని నా కాళ్ల వరకే తీసుకోండి. ఈ పరుగు వల్ల గాయాలే రావనీ, మోకాళ్ల నొప్పులు పోతాయనీ నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను. అలా చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్ల వల్లే మా మీద అనుమానం పెరుగుతోంది.

అందరూ అడిగేది గాజు గురించి. తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు గుచ్చుకుంది. పెద్ద పెంకులతో భయం లేదు, వెలుతురు పడితే మెరుస్తాయి, చూపు ముందే పట్టేస్తుంది. నేను మూడు నాలుగు మీటర్ల ముందు నేలని చూస్తూనే పరుగెత్తుతాను. ఇబ్బంది పెట్టేది సీసా పగిలాక మిగిలే రజను. పోయిన ఏడాది అలాంటిదొకటి కుడి పాదం ముందుభాగంలో దిగింది. రక్తం లేదు, కంటికి ఏమీ కనబడదు, అడుగు వేస్తే మాత్రం చురుక్కుమంటుంది. రాత్రి మిషన్ దగ్గరి లైటు కిందికి లాక్కుని, కాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, ముందు సబ్బు నీళ్లతో కడిగి, భూతద్దం పెట్టి వెతికాను. వేలి కొనతో ఒక వైపు నుంచి మెల్లగా నిమిరితే ఏమీ లేదు, అటు నుంచి ఇటు నిమిరితే గీరుకుంది. ఎటు దిగిందో అలా తెలిసింది. సన్నం సూదిని స్పిరిట్‌తో తుడిచి పై చర్మాన్ని మాత్రమే, కుట్టు విప్పేటప్పుడు దారం కింద సూది దూర్చినట్టు, నెమ్మదిగా ఎత్తాను. నొప్పి లేదు, పైపొరలో ప్రాణం ఉండదు. అప్పుడు దాని మొన తళుక్కుమంది. పట్టకారుతో అది దిగిన దారిలోనే వెనక్కి లాగాను. తెల్ల కాగితం మీద పెడితే ఇసక రేణువంత ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ పరుగెత్తాను. ధనుర్వాతం టీకా పదేళ్లకోసారి మర్చిపోకుండా వేయించుకుంటాను. పరుగు నుంచి రాగానే పాదాలు కడిగి, లైటు కింద అరికాళ్లు రెండూ చూసుకుంటాను. ఇదంతా కలిపి నాలుగు నిమిషాల పని.

పాదం మొద్దుబారిపోయి ఉంటుంది కాబట్టే నాకేమీ తెలియడం లేదని కొందరు అనుకుంటారు. నా అరికాలు ముట్టుకున్నవాళ్లు ఆశ్చర్యపోతారు. మందంగా ఉంటుంది గానీ నున్నగా, చేత్తో రుద్ది మెరుగు పెట్టిన తోలులా ఉంటుంది. స్పర్శ ఏమాత్రం తగ్గలేదు. 2019లో ‘నేచర్’లోనే వచ్చిన ఇంకో పరిశోధన ఇదే చెప్పింది. కెన్యాలోనూ అమెరికాలోనూ కొలిచి చూస్తే, వట్టి కాళ్లతో తిరిగేవాళ్ల అరికాలి చర్మం మందంగా ఉన్నా స్పర్శ మాత్రం తగ్గలేదని తేలింది. ఆ స్పర్శే నాకు కాపలా. అందుకే బాగా చలి ఉన్న రోజు పాదాలు తిమ్మిరెక్కితే పరుగు ఆపేస్తాను. కాపలా పడుకున్నాక తలుపు తీసి ఉంచకూడదు కదా. ఇదే కారణంతో మా గుంపులో షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినాయన నాలాగే పరుగెత్తుతానని ముచ్చటపడితే, వద్దంటే వద్దని చెప్పాను. మీరు ‘ఎవరూ చేయకూడదు’ అని రాసే బదులు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు చేయకూడదు అని రాసుంటే నేను పేపరు కత్తిరించి దాచుకునేదాన్ని.

మా గుంపు అన్నాను కదా, వాళ్ల గురించి కూడా చెప్పాలి. ఆదివారాలు 11 మందిమి కలిసి పరుగెత్తుతాం. పది మందికి షూ ఉంటాయి, నాకు ఉండవు. మొదట్లో వాళ్లకి నా అడుగు వినబడక ఇబ్బందిపడేవాళ్లు. నేను వెనక నుంచి పక్కకి వచ్చేసరికి ఉలిక్కిపడేవాళ్లు. ఇప్పుడు దగ్గరికొచ్చే ముందు నేనే “వస్తున్నా” అంటాను. ముందు వెళ్లేవాళ్లు వెనక్కి తిరక్కుండానే “అక్కా, ఎడమ పక్క గాజు!” అని కేకేస్తారు. ఒకబ్బాయి దారిలో కనబడ్డ గులకరాళ్లని కాలితో పక్కకి నెడుతూ పరుగెత్తుతాడు, అది నా కోసం అని ఏ రోజూ అనలేదు. షూ వేసుకునేవాళ్ల మీద నాకు కోపం ఉంటుందని ఎవరైనా అనుకుంటే ఆ కుర్రాణ్ణి చూడాలి. షూ ఎవరికి కావాలో వాళ్లకి కావాలి. కంకర దారుల్లో, ముళ్ల దారుల్లో, మంచులో నేనూ వేసుకుంటాను.

పెద్ద పెద్ద వాళ్ల సంగతి కూడా ఇలాగే ఉంది. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని వట్టి కాళ్లతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమ సమయం. చీకటి పడ్డాక, దివిటీల వెలుతురులో, రాళ్లు పరిచిన పాత దారుల మీద. అదే మనిషి 1964లో టోక్యోలో షూ వేసుకుని మళ్లీ గెలిచాడు, అదీ అపెండిక్స్ ఆపరేషన్ జరిగిన కొద్ది వారాలకే. వట్టి కాళ్లతో గెలిచినప్పుడు ఆయన పిచ్చివాడు కాలేదు, షూతో గెలిచినప్పుడు మాట తప్పినవాడూ కాలేదు. బ్రిటన్ రన్నర్ బ్రూస్ టల్లో 1962లో యూరోపియన్ చాంపియన్‌షిప్స్ 5000 మీటర్లు వట్టి కాళ్లతోనే గెలిచాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి బ్రిటన్ తరఫున పరుగెత్తిన జోలా బడ్ 1985లో 5000 మీటర్లు 14 నిమిషాల 48 సెకన్లలో వట్టి కాళ్లతో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది.

జోలా బడ్ పేరు తలుచుకుంటే మాకు ఉన్న అసలు ప్రమాదం గుర్తొస్తుంది. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ 3000 మీటర్ల పరుగులో ఆమెకీ అమెరికా రన్నర్ మేరీ డెకర్‌కీ కాళ్లు తగులుకున్నాయి. డెకర్ పడిపోయింది. ఆమె షూ అడుగునుండే మొనలు, స్పైక్‌లు, గీరుకుని బడ్ కాలికి రక్తం వచ్చింది. ఆ రోజు ఆ పడిపోవడం గురించే అందరూ మాట్లాడారు. నాలాంటి వాళ్లకి మాత్రం రెండోది గుర్తుంటుంది. పరుగు గీత దగ్గర నాకు భయం కలిగించేది రోడ్డు కాదు, పక్కవాళ్ల షూ. మొదటి రెండు వందల మీటర్ల తొక్కిసలాటలో నా వేళ్ల మీద ఎన్నిసార్లు కాళ్లు పడ్డాయో లెక్కలేదు. ఒకసారి బొటనవేలి గోరు మొత్తం నల్లబడి ఊడిపోయింది. అందుకే ఎప్పుడూ అంచున, అందరికంటే వెనక నిలబడతాను. మూడు వారాల క్రితమూ అక్కడే నిలబడదామనుకున్నాను.

ఇక నియమం మాట. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీలో వట్టి కాళ్లతో పరుగెత్తవచ్చు. ఒక కాలికి షూ వేసుకుని రెండో కాలు వట్టిగా ఉంచినా తప్పు లేదు, అది కూడా విడిగా రాసి ఉంది. అక్కడ హద్దు పెట్టింది షూకే. రోడ్డు పరుగులో షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు. 2021లో వియన్నా మారథాన్‌లో మొదట గీత దాటిన ఆయన షూ అడుగు మందం 5 సెంటీమీటర్లు ఉందని తేలడంతో ఆయన్ని అనర్హుణ్ణి చేసి రెండో ఆయన్ని విజేతగా ప్రకటించారు. లోకమంతా పాటించే నిబంధనల్లో మందం ఎక్కువైతే బయటికి పంపుతారు. మందమే లేని నన్ను గేటు దగ్గర ఎందుకు ఆపారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆపడానికి ఇంకో కారణం కూడా ఆ రోజు చెప్పారు, చిప్ గురించి. సమయం లెక్కకట్టే చిన్న చిప్‌ని షూ లేసుకి కట్టుకోమని ఇస్తారు. లేసు లేకపోతే ఎక్కడ కట్టుకుంటారు అన్నారు. ఆ సమస్య నేను ఎనిమిదేళ్ల క్రితమే తీర్చుకున్నాను. అంగుళం వెడల్పు ఎలాస్టిక్ ముక్కని నా చీలమండ కొలత కంటే అర అంగుళం తక్కువకి కత్తిరించాను, పరుగెత్తుతుంటే జారకూడదు కాబట్టి. లోపలివైపు మెత్తటి నూలు గుడ్డ అతికి కుట్టాను, చెమటకి ఒరుసుకోకుండా. చివర వెల్క్రో. పైన చిప్ దూరేంత చిన్న జేబు, దాని మూతికి అడ్డంగా రెండు వరసల కుట్టు. మొదటిసారి చేసినప్పుడు కుట్టు అంచు లోపలికి వచ్చి, 8 కిలోమీటర్లు దాటేసరికి చర్మం ఎర్రగా కందింది. విప్పి అంచు బయటికి తిప్పి మళ్లీ కుట్టాను. ఇప్పటికి 14 పరుగుల్లో అది నా కాలికి ఉంది, ఒక్కసారి కూడా చిప్ పలకకుండా పోలేదు. ఆ రోజు కూడా నా కాలికి ఉంది. పెద్దాయన పాదం చూడలేదని చెప్పాను కదా, చూసి ఉంటే పట్టీ కూడా కనబడేది. చాలా పోటీల్లో ఇప్పుడు చిప్‌ని నంబరు కాగితానికే అంటిస్తున్నారు, అలా చేస్తే ఈ గొడవే ఉండదు.

పరుగు పోటీలు పెట్టేవాళ్లు మీ పత్రిక తప్పకుండా చూస్తారు. వాళ్లతో నేను అనేది ఇంతే. షూ తప్పనిసరి అన్న షరతు తీసేయండి. పూచీ నాదేనని సంతకం కావాలంటే పెడతాను, అందరూ పెడుతున్నదే అది. ఇంకొకటి చేయగలిగితే చేయండి, గీత దగ్గర నేల మీద రాలిపోయే పిన్నీసుల్ని పరుగు మొదలయ్యే ముందు ఒకసారి ఊడ్పించండి. నంబరు పెట్టుకునే హడావిడిలో ప్రతివాళ్లూ ఒకటో రెండో పడేస్తారు. నోరు తెరుచుకుని పడి ఉన్న పిన్నీసు నా పాదంలోనే కాదు, పలచటి షూలో కూడా దిగుతుంది. నాకు ఆ ఒక్క చోటే గాజు కంటే ఎక్కువ టెన్షన్.

మీ రిపోర్టర్లకీ ఒక మనవి. రెండేళ్ల క్రితం ఒక పరుగులో నన్ను ఫొటో తీసి, మొహం వదిలేసి పాదాలు మాత్రమే వేశారు. కింద ‘సాహసం’ అని రాశారు. అది మెచ్చుకోలే అని తెలుసు. కానీ ఆ రోజు 1 గంట 4 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పరుగెత్తాను, 50 ఏళ్లు దాటాక నా మంచి సమయం అదే. సాహసం అని రాసినచోట ఆ అంకె రాసుంటే బాగుండేది. ఒక చోట ప్రమాదం అంటారు, ఒక చోట సాహసం అంటారు. పొద్దున్నే లేచి, పిక్కలు సాగదీసుకుని, చూసి అడుగు వేసుకుంటూ పరుగెత్తే మనిషిని మామూలు రన్నర్‌గా చూడ్డం అంత కష్టమైన పనేమీ కాదు.

ఈ నెలాఖరులో ఇంకో పరుగు ఉంది, 21 కిలోమీటర్లు. నిర్వాహకులు వేరే. ఫారం తెప్పించుకున్నాను. ‘తగిన షూ ధరిస్తానని అంగీకరిస్తున్నాను’ అని ఒక గడి ఉంది అందులో. దాంట్లో టిక్ పెట్టలేదు. పక్కన ఖాళీలో నా చేత్తో రాశాను: ‘నేను వట్టి కాళ్లతో పరుగెత్తుతాను. 9 ఏళ్ల అలవాటు. చిప్ పట్టీ నా దగ్గరే ఉంది. అందరికంటే వెనక నిలబడతాను.’ పోస్టు చేసి ఆరు రోజులైంది, జవాబు ఇంకా రాలేదు. పట్టీకి పాత ఎలాస్టిక్ సాగిపోయిందని నిన్న రాత్రి కొత్తది మార్చి కుట్టాను.

ఇట్లు,
మీ పాఠకురాలు